సగం గీసిన గడ్డం

సుల్తానాబాద్‌లో మా పక్కింటి లింగవ్వకు కోపమొస్తే వాకిట్లో కోళ్లు కూడా మెదలవు. ఆ రోజు ఆమె ఫోను చేతబట్టుకుని అబ్బాస్ మొబైల్ దుకాణానికి బయల్దేరితే నేనూ వెనకే నడిచాను. తమాషా చూడడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

వానాకాలం నుంచి ఆమె తన ఫోనులో అబ్బాస్ వేసిచ్చిన యాప్‌లో ఒక సీరియల్ చూస్తోంది. అందులో అత్త, కోడలు సుగుణను బావిలోకి తోసేసింది. సుగుణ బతికిందో లేదో తేలడానికి ఒక్క ఎపిసోడే మిగిలింది. పొద్దున చూస్తే సీరియల్ మొత్తం మాయం.

"ఏమయ్యా అబ్బాసూ, ఏడాదికి పైసలు కట్టిపిచ్చుకుంటివి. నా సుగుణ ఏది?"

"అవ్వా, నువ్వు సీరియల్ కొనలే. వాళ్లు చూపెట్టినన్ని రోజులు చూసుడే. గిది సామాను కాదు, సర్వీసు."

"సర్వీసా? గడ్డాలు గీసే రాయమల్లు సుత ఏడాదికోపారి కల్లం కాడ వడ్లు తీస్కొని ఇంటికచ్చి సర్వీసే చేస్తడు. ఎన్నడన్న సగం గీసి పోయిండా?"

దుకాణంలో ఉన్న మగవాళ్లంతా గడ్డాలు తడుముకున్నారు.

"సర్వీసైతే ఇంటికచ్చి చెయ్యి," అని తీర్పు చెప్పి లింగవ్వ వచ్చేసింది.

సాయంత్రం అబ్బాస్ నిజంగానే వచ్చాడు. అతని భార్య రషీదా ఆ ఎపిసోడ్ ముందే చూసిందట, కథ అడిగి తెలుసుకొచ్చాడు. తువ్వాల నెత్తిన కప్పుకుని అత్తయ్యాడు, తీసేసి సుగుణయ్యాడు. వీధి వీధంతా లింగవ్వ అరుగు ముందే ఉంది. చివరికి గొంతు తగ్గించి, "సుగుణ సచ్చిపోయింది అవ్వా," అన్నాడు.

లింగవ్వ భోరుమంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. కాసేపటికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సర్వీసంటివి కద. మార్చు."

అబ్బాస్ పరేషానై మా వైపు చూశాడు. పాపం, మళ్లీ బావిలోకి దిగి, సుగుణను భుజాన వేసుకుని పైకొచ్చాడు. అత్తను తెచ్చి సుగుణ కాళ్ల మీద పడేశాడు. లింగవ్వ సంతోషంగా అతనికి ఉడికించిన మక్కగుడాలు పెట్టి పంపింది.

వారం తిరక్కముందే సీరియల్ ఫోనులోకి తిరిగొచ్చింది. లింగవ్వ ఆఖరి ఎపిసోడ్ ఆసాంతం చూసి అబ్బాస్‌కు ఫోను చేసింది.

"బిడ్డా, వీళ్లు సుగుణను సంపేసిండ్రు. కథ సుత సక్కగ తెల్వది వీళ్లకు. యాసంగి పంట వడ్లు నీకే కొలుస్త, జర తువ్వాల పట్టుకొని రా."