నరాలు తేలిన చేతులు

అన్నం వడ్డిస్తుంటే పరమేశ్ కంచంలోకి కాక తిరుమల చేతికేసి చూశాడు. "చేతులేంది గిట్లయినయి? ముసలిదాని లెక్క నరాలు తేలినయి. ఎల్లుండి చుట్టాల పెండ్లికి నిండ మెహందీ పెట్టుకో, జర కానరాకుంట" అన్నాడు. తిరుమలకు నలభై ఒకటి. మొగుడి చేత మాట పడడం కొత్తేం కాదు గానీ, ఈ మాట మాత్రం ఆమెను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

మర్నాడు చీరల కట్ట ముందేసుకుని కూర్చుంది. జరీ పని అయిపోయిన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించాలి. మరమగ్గాల బస్తీ లింబాయత్‌లో ఆ గల్లీ ఆడవాళ్లందరూ చేసేది అదే, అయినా దాన్ని ఎవరూ పని అనరు. కత్తెర ఆడుతున్నంతసేపూ చీర కనబడలేదు, నరాలే కనబడ్డాయి. ఏ మాయరోగమో అని గుబులు పుట్టింది. అత్తకు మోకాళ్ల మందు తేవడానికి దవాఖానకు వెళ్లినప్పుడు, తన చేతులు కూడా చాపి చూపించింది. రోగం కాదంది డాక్టరమ్మ. వయసుతో చర్మం పలచబడుతుందట, కిందున్న కొవ్వు కరుగుతుందట, వేడికీ బరువు పనికీ నరాలు ఉబ్బుతాయట. చేతులు గుండెకంటే పైకెత్తి చూడమంది. ఎత్తింది. చూస్తుండగానే నరాలు అణిగిపోయాయి. అవి పెళ్లినాటి చేతులు. ఇరవై ఏళ్లలో ఇవి ఊరికే పైకి లేచిందెప్పుడు? దండెం మీద బట్టలకూ, అటక మీది బిందెకూ తప్ప. తన చేతుల మీద తనకే జాలేసింది.

ఇంటికొచ్చేసరికి పరమేశ్ మరమగ్గాల డ్యూటీ దిగి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. అత్త గంగవ్వ పక్కింటి బుచ్చవ్వకు కొడుకు చేతులు చూపించి మురిసిపోతోంది.

"సూడు, నరాలెట్ల తేలినయో. సాంచాల కాడ కష్టం చేసిన చేతులు నా కొడుకువి."

పరమేశ్ మొహం వెలిగింది. తిరుమల మందు అత్తకిచ్చి నిలబడింది. అవే నరాలు. ఆయనకైతే కష్టం, తనకైతే ముసలితనం.

అతను జేబులోంచి మెహందీ కోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. తిరుమల దాన్ని మెల్లగా అతని వైపే జరిపింది.

"నువ్వే పెట్టుకో. నీ నరాలు గూడ నా లెక్కనే తేలినయి. నేనైతే గిట్లనే వస్త."

పరమేశ్ చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.