కొస మడవని రీలు

"ఈ ఐసు వంటింటికా, మీ ఆయన మందునీళ్లకా?"

చేపల రేవులో ఐసు అమ్మే తెనింగ్ రోజూ అడిగే ప్రశ్నే. సుకేనా కూడా రోజూ చెప్పే జవాబే చెప్పింది.

"రెండింటికీ."

"చేప కుళ్లకుండా ఐసు కావాలి, అది సరే. ఫొటో కూడా కుళ్లుతుందా ఏంటే తల్లీ?"

"ఎండకి ఫిలిం కడిగే మందునీళ్లు వేడెక్కితే ఫిలిం పాడవుతుందక్కా."

"మా అల్లుడు ఫోన్లో తీస్తాడు. ఐసు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, పెళ్లాం కూడా అక్కర్లేదు," అంటూ తెనింగ్ గోనెసంచుల కింద నుంచి ఓ పెద్ద ముక్క లాగి సుకేనా బకెట్లో పడేసింది.

సుకేనా నవ్వుతూ బకెట్ తలకెత్తుకుంది. సెయింట్-లూయీ వంతెన దాటి ఇంటికి చేరేసరికి ముక్కలో కొంత కరిగి మెడమీదుగా కారింది. మిగిలినదాన్ని వాకిట్లో రోకలితో పగలగొట్టింది. సగం మందారపూల షర్బత్‌కి. సగం చీకటి గదిలో మందు సీసాల చుట్టూ.

ఆ గదిని భర్త బిరాయిమ్ ప్రయోగశాల అంటాడు. అత్తగారు జారా చీకటికొట్టు అంటుంది. ఇద్దరిలో ఎవరూ లోపలికి రారు. బిరాయిమ్‌కి మందుల వాసన పడదు. పెళ్లయిన కొత్తలో రెండు వారాలు దగ్గరుండి పని నేర్పాడు, తర్వాత దగ్గొచ్చిందని బయటికి వెళ్లాడు, అంతే. అప్పట్నుంచి ఫిలిం కడిగేది, ఆరేసేది, ప్రింట్లు వేసేది సుకేనాయే. ఊరంతా ఫోన్లతో ఫొటోలు తీసుకునే రోజుల్లో ఆయన ఫిలిం తప్ప ముట్టుకోడు. "డిజిటల్ ఫొటో కాదు, లెక్కలు. ఫిలిం ఊపిరి పీలుస్తుంది," అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. విదేశీయులు ఆ మాట రాసుకుంటారు. ఊపిరి పీల్చే ఫిలిం కొనడానికి డబ్బు మాత్రం ముందుగదిలో పుడుతుంది. అక్కడ తెల్లగుడ్డ కట్టి, బల్ల వేసి, చిన్న డిజిటల్ కెమెరాతో సుకేనా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది. బడిపిల్లలు, డ్రైవర్లు, మక్కా యాత్రకి వెళ్లే ముసలివాళ్లు వస్తుంటారు. "అది ఫొటోగ్రఫీ కాదు సుకేనా, తపాలా ముద్ర కొట్టడం," అంటాడు బిరాయిమ్. అంటూనే ఆ డబ్బుల డబ్బా తెరిచి ఫిలింకి కావలసింది తీసుకుంటాడు.

నిజానికి ఫిలిం గొప్పదన్న విషయంలో ఆయనతో ఆమెకి పేచీ లేదు. కారణమే వేరు. ముందుగదిలో ఆమె తీసిన ప్రతి బొమ్మనీ ఎదుటివాళ్లు అప్పటికప్పుడు చూస్తారు. గడ్డం లావుగా ఉంది తీసెయ్, కళ్లు మూసుకున్నాను మళ్లీ తియ్, అంటారు. ఇంట్లోనూ అంతే. ఆమె కూర దించకముందే ఎవరో ఒకరు మూత తీసి చూస్తారు, ఫోను మోగితే ఎవరని అడుగుతారు, కూర్చుంటే ఏం చేస్తున్నావని అడుగుతారు. ఫిలిం మీద తీసింది ఎవరికీ కనపడదు. కడిగేవరకూ అది ఉందో లేదో కూడా తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ మూత తీసి చూడలేనిది ఏదైనా ఉంటే అది ఓ చిన్న రీలు డబ్బాలోనే ఉంటుందని సుకేనాకి చాలా ఆలస్యంగా తట్టింది.

తట్టిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇల్లంతా కునుకు తీస్తుండగా, బిరాయిమ్ మూలన పడేసిన పాత కెమెరాలో ఒక రీలు ఎక్కించింది. తర్వాత తీరిక దొరికిన మధ్యాహ్నమల్లా తీసింది. నమాజు చాప మీద కూర్చునే కునుకు తీస్తున్న అత్తగారి పగిలిన మడమ. నలుపెక్కిన కుండ అడుగు. తీగ మీద పిల్లల చొక్కాల పక్కన బట్టల క్లిప్పులతో వేలాడే బిరాయిమ్ ఫిలింలు. మందుకి పసుపెక్కిన తన వేళ్లు. పొయ్యి ముందు వదిలేసి వెళ్లిన తన చెప్పులు. అవన్నీ ఎందుకు తీసిందో అడిగితే చెప్పలేకపోయేది. ఎవరూ అడగలేదు కూడా.

ఆ ఇంట్లో రీళ్లకి ఒక పద్ధతి ఉంది. ఫిలిం పెద్ద చుట్టగా కొని, చీకట్లో ముక్కలు కోసి, ఖాళీ డబ్బాల్లో చుట్టుకుంటారు. అన్నీ ఒకేలా ఉంటాయి. పేరుండదు, గుర్తుండదు. వాడని రీలుకి ఫిలిం కొస తిన్నగా బయటికి ఉంటుంది. వాడిన రీలుకి ఆ కొసని మడవాలి. అదొక్కటే గుర్తు. ఫ్రిజ్ మీది బుట్టలో తిన్నని కొసలు, చీకటి గదిలో మడిచిన కొసలు.

సుకేనా రీలు నిండింది. వెనక్కి చుట్టి, కొస ఇంకా బయట ఉండగానే ఆపి, డబ్బాని చేతిలోకి తీసుకుంది.

"సుకేనా! గంజి పొంగుతోంది! చచ్చావా బతికున్నావా?" అని అత్తగారు కేకేసింది.

చేతిలోది ఫ్రిజ్ మీద పెట్టి పరిగెత్తింది. కొస మడవలేదు.

తెల్లారేసరికి ఆ రీలు లేదు. బిరాయిమ్ దాన్నీ వాడని రీలే అనుకుని బుట్టతో సహా చేపలవాళ్ల పేటకి పట్టుకెళ్లిపోయాడు. పడవలు ఒడ్డుకి చేరే వేళ జాలర్లని తీయాలి. ఆ బొమ్మలతో తన గ్యాలరీలో ప్రదర్శన పెడతానని మదాం నఫీ ఒప్పుకుంది.

సాయంత్రం ఆయన తెచ్చిన రీళ్లు కడిగి ఆరేస్తుంటే ఒకదాని దగ్గర సుకేనా చేతులు ఆగిపోయాయి. పడవ కడుపులో కుండ ఉంది. జాలరి నల్లటి వీపులో ఒక మడమ ఉంది. ఒకే ఫిలిం మీద రెండు లోకాలు పడ్డాయి. ఆయన బొమ్మలో వెలుగున్నచోట ఆమెది మాసిపోయింది. నీడ ఉన్నచోట మాత్రం ఆమెది స్పష్టంగా నిలిచింది.

దాచొచ్చు. ఫిలిం పాడైందని చెప్పొచ్చు. కానీ అది పారేస్తే ఆమె మొదటి రీలు కూడా పోతుంది. మళ్లీ తీద్దామన్నా ఆ మధ్యాహ్నాలు తిరిగిరావు. ప్రింట్లు వేసి ఆయన ముందు పెట్టింది.

"ఏంటిది?"

"నా రీలండీ. కొస మడవడం మర్చిపోయాను."

"నీ రీలా? నీకు రీలేంటి?" బిరాయిమ్ ముందు నవ్వాడు. ఆ తర్వాత అర్థమైంది. "నీ వంటింటి చెత్తంతా తెచ్చి నా సముద్రంలో పోశావు కదే! ఆ ముసలి జాలరి మళ్లీ నిలబడతాడా? ఆ వెలుగు మళ్లీ వస్తుందా? తపాలా ముద్రలు కొట్టుకోక నీకెందుకిది?"

"పోనీలేరా, ఆడపిల్లకి తెలీక చేసింది," అంది జారా చాప మీద నుంచి. అని కోడలి వైపు తిరిగింది. "నీకు ఫోనుంది కదమ్మా, దాంతో ఆడుకోకూడదూ?"

సుకేనా క్షమించమని అడిగింది. అడిగి, రాత్రి భోజనానికి ఉల్లిపాయలు తరిగింది.

మర్నాడు మదాం నఫీ ప్రింట్లు చూడ్డానికి వచ్చింది. బిరాయిమ్ మంచివన్నీ పైన పెట్టి, పాడైనవాటిని కుర్చీ కింద తోశాడు. ఆమె వంగి వాటిని కూడా తీసింది. ఒకటి చూసి, పక్కన పెట్టి, మళ్లీ దాన్నే తీసింది. సుకేనా ట్రేలో గ్లాసులు పెట్టుకుని అతిథులకి మూడు విడతలుగా ఇచ్చే టీలో మొదటి విడత ఎత్తునుంచి పోస్తోంది.

"మిగతావి బావున్నాయి, అలాంటివి చాలామంది తీశారు," అంది నఫీ. "ఇవి ఎవరూ తీయలేదు. ఎలా చేశారు?"

సుకేనా తలెత్తి చూసింది. బిరాయిమ్ ఆమెని చూడలేదు.

"ఫిలింతో ఓపిగ్గా మాట్లాడాలి మదాం," అన్నాడు. "అది ఇవ్వదలుచుకున్నప్పుడే ఇస్తుంది."

సుకేనా ఆయనకి గ్లాసు అందించింది. ఒక్క చుక్క ఒలకలేదు. అదే ఆమెకి తర్వాత కోపం తెప్పించింది.

ప్రదర్శనకి నఫీ మంచి పేరు వెతికి పెట్టింది: 'నీడలో తల్లులు'. గోడల నిండా ఆ బొమ్మలే. అతిథులకి చేప అన్నం సుకేనా వండింది. కుండలు బండిలో వేయించుకుని గ్యాలరీ పెరటిగుమ్మం నుంచి లోపలికెళ్లేసరికి బిరాయిమ్ మైకు పట్టుకుని ఉన్నాడు. ఒంటిమీద ఇస్త్రీ చేసిన పొడుగాటి నీలం బుబు అంగీ. ఆ ఇస్త్రీ కూడా ఆమెదే.

"మన ఆడవాళ్ల చాకిరీ ఎవరికీ కనపడదు," అంటున్నాడాయన. "సముద్రం మీద మగాడు నిలబడ్డాడంటే వాడి నీడలో ఒక వంటిల్లు ఉంది. ఆ వంటింటిని నేను చూశాను. చూడటం నాకు ఫిలిం నేర్పింది."

చప్పట్లు మోగాయి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. సుకేనా గరిటెతో కుండ అడుగు గీస్తోంది, మాడు కావాలని పెద్దవాళ్లు అడుగుతారు కాబట్టి. గీస్తూనే విన్నది. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతి మాటా నిజమే. అందుకే ఎక్కడ పట్టుకుని కాదనాలో తెలియలేదు.

పత్రికాఫీసు అమ్మాయి ఒకతె పళ్లెంతో దగ్గరికొచ్చింది. "మీరు ఆయన భార్యా? అదృష్టవంతులు. మీరు పని చేసుకుంటుంటే ఆయన అలా తీస్తూ ఉంటే మీకు ఇబ్బందనిపించదా?"

"ఆయన ఇంట్లో..." అని మొదలుపెట్టింది సుకేనా.

"సుకేనా! పళ్లాలు!" అని పిలిచాడు బిరాయిమ్.

పళ్లాలు పట్టుకెళ్లింది.

మరునాడు జారా ప్రదర్శన పుస్తకాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగి, తన కాలు చాపి, పుస్తకం పక్కన పెట్టి చూసుకుంది.

"ఒరేయ్, ఇది నా మడమే."

"అవునమ్మా. ఊరంతా నీ మడమ చూస్తోంది."

"ఇదెప్పుడు తీశావు? నేను మధ్యాహ్నం నమాజుకి కూర్చునేసరికి నువ్వెప్పుడైనా ఇంట్లో ఏడ్చావా?"

బిరాయిమ్ గట్టిగా నవ్వాడు. జారా నవ్వలేదు. కోడలి వైపు చూసింది. చాపిన కాలు లోపలికి ముడుచుకోలేదు.

ఆ రోజే అడిగింది సుకేనా. "నా పేరు కూడా వేయమని మదాం నఫీకి ఒక్క మాట చెప్పకపోయారా?"

"నీ పేరా?" ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "కెమెరా నాది. ఫిలిం నాది. ఇల్లు నాది. ఆ మడమ మా అమ్మది. అందులో నీదేముంది సుకేనా, మీట నొక్కిన వేలు తప్ప?"

ఆ రాత్రి సుకేనా పడుకుని ముందుగది డబ్బుల లెక్క చూసుకోలేదు, ఏడవలేదు. వేలి గురించే ఆలోచించింది. ఆయన గొప్పతనమంతా కూడా ఒక వేలే కదా. సముద్రం ఆయనది కాదు, పడవలు ఆయనవి కావు, జాలరి వీపు ఆయనది కాదు. మరి ఆ వేలికి పేరు వచ్చి ఈ వేలికి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న ఆయన్ని అడిగితే జవాబు ఏం వస్తుందో ఆమెకి తెలుసు. రేవులో పనుందంటాడు.

రాజధాని డాకర్‌లో పెద్ద ప్రదర్శన కుదిరింది, అలాంటివే ఇంకో వరస కావాలని నఫీ కబురు పెట్టింది. బిరాయిమ్ వారం రోజులు వంటింట్లో కెమెరా పట్టుకుని తిరిగాడు. వెలుగు బాగాలేదని పొయ్యిని కిటికీ దగ్గరికి జరిపించాడు. కుండలో పొగ కనపడట్లేదని ఖాళీ కుండని తిప్పమన్నాడు. "మామూలుగా ఉండు, నేను లేననుకో," అన్నాడు. సుకేనా ఆయన చెప్పినట్టే ఖాళీ కుండ తిప్పింది. అదే రీలుని మళ్లీ రేవుకి తీసుకెళ్లి జాలర్లని తీశాడు. కడిగి చూస్తే అన్నీ ఉన్నాయి, పడవ, కుండ, ఆడమనిషి. ఆ ఆడమనిషి ఎవరో చెప్పినట్టు నిలబడి ఉంది. అంతే.

ఆయనకీ తెలిసిపోయింది. ప్రింట్లు బోర్లా పెట్టేశాడు. తర్వాత టీ ఆయనే పెట్టాడు, పెళ్లయ్యాక మొదటిసారి. రెండో విడత తియ్యటి గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"అలసిపోతున్నావు ఈమధ్య," అన్నాడు. "మధ్యాహ్నాలు సరదాగా నువ్వలా తీసుకుంటుండు. పాత కెమెరా నువ్వే ఉంచుకో. ఫిలిం ఎంత కావాలంటే అంత వాడుకో. ఒక్కటే, కొస మడవకు. బుట్టలో పడెయ్. మిగతాది నేను చూసుకుంటాను."

"అలాగేనండీ," అంది సుకేనా.

తీసింది. ఈసారి అత్తగారు నిద్ర నటించలేదు. "ఈ కాలా, ఆ కాలా?" అని అడిగింది. ముందుగదిలోని తెల్లగుడ్డ ముందు సుకేనా తనే కూర్చుని, కెమెరాని బల్ల మీద పెట్టి, తనని కూడా తీసుకుంది. ఐసు బకెట్ తలమీద పెట్టుకుని, మెడమీద నీళ్లు కారుతుండగా.

రీలు నిండింది. వెనక్కి చుట్టింది. కొస కాస్త బయట మిగిలే చోట చేయి ఆగింది, అలవాటు. ఈసారి ఆమె ఇంకా తిప్పింది. కొస డబ్బాలోకి పూర్తిగా వెళ్లిపోయింది. ఇక దాన్ని ఏ కెమెరాలోనూ ఎక్కించలేరు. కడగాలంటే చీకట్లో డబ్బా మూత పగలదీయాలి, పని ఎక్కువ. కడిగేది తనే కాబట్టి ఫర్వాలేదు.

తెల్లారి రేవుకి బయల్దేరుతూ బిరాయిమ్ బుట్టలో వెతికాడు.

"నీ రీలు ఏది?"

సుకేనా కొంగుముడి విప్పి చూపించింది. ఆయన తీసుకోబోయి ఆగాడు. డబ్బాని అటూ ఇటూ చూశాడు.

"కొస ఏది?"

"లోపలికి చుట్టేశాను."

"మతి పోయిందా? మరి నేనెలా ఎక్కించుకోవాలి?"

"ఎక్కించుకోవడానికి అందులో చోటు లేదండీ. అది బొమ్మలు తీసేసిన రీలు." డబ్బాని మళ్లీ కొంగున ముడేసుకుని ఐసు బకెట్ అందుకుంది.

గుమ్మం దాటుతుంటే ఆయన గొంతు వెనకనుంచి వచ్చింది. అందులో కోపం కంటే కంగారు ఎక్కువుంది. "ఐసుకేనా? నావి నాలుగు రీళ్లున్నాయి, సాయంత్రానికి కావాలి!"

"ఐసుకే," అంది సుకేనా. "ముందు నాది కడుక్కుంటాను. చల్లటి నీళ్లు మిగిలితే మీవి చూద్దాం."