తాటిచెట్టుకు ఏంటెనా

కోదాడలో ఉండే అల్లుడు రంగుల టీవీ కొనుక్కొని, పాత నలుపు తెలుపు టీవీని వేములపల్లిలో అత్తగారింటికి పంపించాడు. ఏంటెనా పంపలేదు. అది కొనడానికి మొగుడు పర్వతాలుతో కలిసి మిర్యాలగూడ బస్సెక్కిన ఉప్పలమ్మ మనసులో ఉన్నది టీవీ కాదు, ఇంటి వెనక తాటిచెట్టు.

నిరుడు వానకాలంలో కల్లు దించుతూ పర్వతాలు ఆ చెట్టు మీది నుంచే జారిపడ్డాడు. తుంటి విరిగి దవాఖానలో పడి, లేచి నడిచేసరికి చలికాలం దాటింది. ఎడమకాలు ఇంకా కొంచెం ఈడుస్తాడు. కల్లుగీత పని తమ్ముడికి అప్పజెప్పాడు. అయినా తెల్లారగానే చెట్టు కింద నిలబడి, కొసనున్న మొవ్వు దాకా తేరిపార చూసి వస్తాడు. అక్కడేం వెతుక్కుంటున్నాడో ఉప్పలమ్మకు తెలుసు. అడగదు.

షాపు లచ్చయ్య రెండు రకాలు చూపించాడు. ఒకటి పొడుగ్గా, నిండా కడ్డీలతో ఉంది. రెండోది పొట్టిది, బూస్టర్ పెట్టుకోవాలి.

"ఇంటికాడ ఎత్తుకేమున్నది?" అని అడిగాడు లచ్చయ్య.

"తాటిచెట్టున్నది," అన్నాడు పర్వతాలు ఠక్కున. "మొవ్వుకు కట్టిననుకో, హైదరాబాద్ కండ్ల ముందట ఉంటది."

"మస్తుగొస్తది. గాలికి తిరిగితే మాత్రం మల్ల ఎక్కాలె."

"ఎక్కుత. గౌండ్లోనికి చెట్టెక్కుడు నేర్పుతవా?"

ఉప్పలమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది.

"అన్నా, భూమికి దగ్గరుండేది ఇయ్యి."

"ఏంటెనా ఎంత మీదుంటే అంత మంచిదమ్మా."

"మా ఆయన ఎంత కిందుంటే నాకంత మంచిది."

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పర్వతాలు నవ్వలేదు. పొడుగుదే తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆమె బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది. తిరిగొచ్చేసరికి ఏంటెనా వీపుకు కట్టుకొని, చెట్టును మొక్కి, గీతవాళ్ళ దేవుడు కాటమయ్యను తలచుకొని, మోకు తాడును చెట్టుకూ నడుముకూ చుట్టుకొని పర్వతాలు ఎక్కుతున్నాడు. ఆమె నోరు తెరిచి మూసుకుంది. చెట్టు మీదున్న మనిషిని కింద నుంచి పిలవకూడదు. కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు అది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చూరు ఎత్తు దాటాడు. అక్కడ ఆగాడు. కుడికాలు పట్టు దొరికించుకుంది గానీ ఎడమకాలు వణకడం మొదలుపెట్టింది. ఆపుదామని చెట్టుకు అదిమిపెట్టాడు. ఆగలేదు. చెట్టును కావలించుకొని, చెంప ఆనించి, అట్లాగే ఉండిపోయాడు. మీదికి చూడలేదు, కిందికీ చూడలేదు.

ఉప్పలమ్మ పక్కనున్న రాతి రోలు దొర్లించుకొచ్చి, దాని మీదికెక్కి, వణికే మడమ కింద అరచెయ్యి పెట్టింది.

"దీనిమీద ఆనియ్యి," అంది మెల్లగా.

ఆ చేతి మీది నుంచి భుజం మీదికి, భుజం మీది నుంచి నేల మీదికి దిగాడు పర్వతాలు. చెట్టు మొదట్లో కూలబడ్డాడు. తన వీపు మీది ఏంటెనా తాడు ఆమె విప్పుతుంటే అన్నాడు:

"కాలు ఎక్కుడు మర్సిపోయిందే."

"మర్సిపోనీ. ఇంట్లకొచ్చుడు యాదికున్నది, చాలు."

ఆయన కళ్ళు తుడుచుకొని, పక్కకు ఉమ్మాడు.

"రేపు పోయి మార్సుకొద్దాం. ఆ పొట్టిదే తెద్దాం, బూస్టర్‌ది."

"రేప్పొద్దుగల్లే పోదాం. ఇయ్యాల మాత్రం నువ్వు ఆ టీవీ ముందట కూసో. కట్టెకు కట్టి నేను తిప్పుత."

వెదురుగడకు ఏంటెనా కట్టి, గోడ పక్కన నిలబెట్టి ఉప్పలమ్మ తిప్పసాగింది. లోపల తెర మీద చీమల పుట్ట పగిలినట్టుంది. చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గిటా?"

"జర అటు."

"గిప్పుడో? కనవడ్తున్నదా?"

కిటికీలోంచి పర్వతాలు బయటికి చూశాడు. నెత్తి మీద కొంగు జారిపోయి, రెండు చేతులా గడ పట్టుకొని, ముఖమంతా చెమటతో ఆమె నిలబడి ఉంది.

"మంచిగ కనవడ్తున్నవ్."

"నేను కాదయ్యా, బొమ్మ!"

"అది రేపు సూద్దాం తియ్," అన్నాడు. "జరసేపు అట్లనే నిలవడు."