తన వెనక తానే

ఈ వృత్తాంతాన్ని మొదట చెప్పినవారు పార్థసారథిగారు. ఆయన బాలానగర్‌లోని ఒక పంపుల కర్మాగారంలో డ్రాయింగు విభాగానికి పెద్ద. అక్కడి నాటక సమాజానికి పద్నాలుగేళ్లు కార్యదర్శి. తేదీలను, నంబర్లను తడుముకోకుండా చెప్పగల మనిషి. ఆయన చెప్పినదాన్ని తరువాత మూసాపేటలో భాగ్యమ్మ సాంతం విని, రెండుచోట్ల సరిదిద్దింది. ఇద్దరి మాటలూ కలవనిచోట భాగ్యమ్మ మాటనే ఇక్కడ నిలబెట్టడమైనది. కథానాయకుడితో ముప్పైనాలుగేళ్లు కాపురం చేసింది ఆవిడే కనుక.

ఆ కథానాయకుడు వీరేశం. అదే కర్మాగారంలో లేతు మిషను మీద పనివాడు. తెల్లవారుజామున లేచి, వేపపుల్ల నోట పెట్టుకొని, నీళ్లు తోడి, ఆరున్నరకు ఇల్లు వదిలేవాడు. గుమ్మం దాటుతూనే, వీధిలో ఎవరూ లేకపోయినా, "బాలానగర్ ఒకటి" అనేవాడు. నడిచి, బస్సు ఎక్కి, కండక్టరు ఎదురుగా వచ్చి నిలబడేసరికి సరిగ్గా ఆ మాట వినిపించేది. కండక్టరు టిక్కెట్టు చింపి ఇచ్చేవాడు.

వీరేశం మాట నోటినుంచి బయలుదేరిన ఏడు నిమిషాలకు గాని చెవులకు చేరదు. పుట్టుకనుంచీ అంతే. ఫోర్‌మన్ ఏదైనా అడిగితే, అడిగి వెళ్లి మరో రెండు మిషన్లు చూసుకొని జవాబుకు తిరిగి వచ్చేవాడు. ఇంట్లో భాగ్యమ్మ కూర ఇంకా పొయ్యిమీద ఉండగానే "ఉప్పు సరిపోయిందా?" అని అడిగి పెట్టేది. "ఆయనతోటి కొట్లాడాలంటే జర ఓపిక ఉండాలె. నా కోపం సల్లారినంక ఆయన తిట్టు అచ్చేది," అని ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇటువంటి మనిషికి నాటకం మీద ప్రాణం. ఏటా సమాజం వేసే నాటకంలో ఆయనకు వేషం ఉండేది. బల్లెం పట్టుకొన్న భటుడు, పళ్లెం తెచ్చే నౌకరు. నోరు మెదపని వేషాలే. ఒక్కసారైనా తన మాట తన పేరు మీద నలుగురూ వినాలన్నది ఆయన పట్టుదల. ఈ కథ జరిగేనాటికి ఆయన వయసు యాభైమూడు; రిటైరు కావడానికి ఇంకా ఐదేళ్లు.

అడ్డుపడింది ఎవరో కాదు, న్యాయం. ఆఫీసర్లకే మంచి వేషాలు ఇస్తున్నారని ఒకప్పుడు అపవాదు రాగా, పార్థసారథిగారు పాత్రల ఎంపికకు నియమావళి రాశారు. ఎంపిక సంఘం తెర వెనక కూర్చోవాలి. అభ్యర్థికి పేరు ఉండదు, నంబరే. పాత్ర ఏదైనా చదవవలసిన కాగితం అందరికీ ఒకటే; నంబరు పిలిచాకే చేతికిస్తారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. గంట కొట్టాక వినిపించినదంతా తరువాతి నంబరుదే. నాటకం ప్రతి ఏటా కొత్తది. ఎంపిక పూర్తయ్యేదాకా దాని రాతప్రతి పార్థసారథిగారి బీరువాలోనే.

కనుక ఏం జరిగేది? వీరేశం ఐదు నిమిషాలూ నిశ్శబ్దంగా గడిచేవి. సున్నా. ఆయన వెనక నంబరువాడు వచ్చి రెండు నిమిషాలు ఓపిక పట్టి, ఆపైన పెదవులు కదిపితే చాలు, హాలంతా గంభీరమైన గొంతు నిండేది. మార్కులు ఆ నంబరుకు పడేవి. ఆ గొంతు ఎవరిదో తెర వెనక పార్థసారథిగారితో సహా ముగ్గురికీ తెలుసు. కాని నియమం నియమమే. నియమావళి వచ్చిన మూడో ఏట పార్థసారథిగారే పూనుకొని, వీరేశానికి మరో ఏడు నిమిషాల గడువు ఇవ్వాలని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించారు. అది ఓడిపోయింది. ఆరో ఏట వీరేశం చిట్టచివరి నంబరు తీసుకొన్నాడు. ఆయన గొంతు ఖాళీ కుర్చీలకు వినిపించేవేళకు సంఘం క్యాంటీనులో టీ తాగుతోంది.

వీరేశం వెనక నిలబడడానికి పోటీ ఉండేది. అందులో ఆరితేరినవాడు లెక్కల విభాగంలోని రామ్మోహనరావు. భీమవరం మనిషి, తెల్లని చొక్కా, నవ్వు ముఖం. వీరేశం వెనక నిలబడి మూడేళ్లు కథానాయకుడయ్యాడు. తీరా ప్రదర్శననాడు ఆయన గొంతు మూడో వరుస దాటేది కాదు.

ఏడో ఏడు, పందొమ్మిది వందల డెబ్బైనాలుగు. ఎంపికకు నాలుగు రోజుల ముందు వీరేశం భార్యతో పాటు కిరోసిన్ వరుసకు వెళ్లాడు. భాగ్యమ్మ డబ్బాను వరుసలో పెట్టి, దాని వెనక ఒక ఇటుకను పెట్టింది.

"గా ఇటుక ఎవరిది?" అని వెనకనున్న మొగిలి దబాయించాడు.

"నాదే."

"డబ్బా ఎవరిది?"

"అదీ నాదే. డబ్బా మా ఇంటికి, ఇటుక మా చెల్లెలింటికి. రెండు కార్డులున్నయి నా తాన. ఒక్క మనిషికి రెండు జాగలుండొద్దని రాసిందా యాడన్న?"

మొగిలి తన డబ్బాను ఇటుక వెనక్కి జరుపుకొన్నాడు. వీరేశం మాత్రం ఆ డబ్బానూ ఇటుకనూ చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత నోరు కదిపాడు. కిరోసిన్ పోయించుకొని సందు మలుపు తిరిగేవేళకు ఆ మాట భాగ్యమ్మకు వినిపించింది: "నా ఎనక నేనే నిలబడ్త."

నియమావళి నాలుగో అంశం ప్రకారం ఒక సభ్యుడు రెండు పాత్రలకు పోటీ చేయవచ్చు; ప్రతి దరఖాస్తుకూ వేరే నంబరు. ఎవరూ ఆ హక్కును వాడుకోలేదు. ఎంపికనాడు వీరేశం రెండు దరఖాస్తులు తెచ్చాడు. మొదటిది కాపలావాడి పాత్రకు. రెండోది తండ్రి పాత్రకు. ఆ ఏటి నాటకానికి ప్రాణమైన పాత్ర అదే. పదకొండు, పన్నెండు నంబర్లు దక్కాయి. వెంటనే వచ్చి, రిజిస్టరు చూడకుండానే పదమూడు తీసుకొన్నాడు రామ్మోహనరావు.

వరండాలో బెంచీమీద పక్కన కూర్చొని, "ఏమండీ వీరేశంగారూ, ఈసారి కూడా మీ వెనకేనండి. మీ గొంతు, నా ముఖం. కలిస్తే తిరుగుందంటారా?" అన్నాడు.

రామ్మోహనరావు ఏమంటాడో వీరేశానికి ఏటేటా విని తెలుసు. కనుక జవాబును వీరేశం గేటు దగ్గరే ఇచ్చి వచ్చాడు. అది సరిగ్గా అప్పుడే వినిపించింది: "ఫికర్ చెయ్యకు సారూ. ఇయ్యాల నీ గొంతే ఇంటరు."

రామ్మోహనరావు పకపకా నవ్వాడు. అప్పటికి ఆయనకు అర్థం కాలేదు.

పదకొండో నంబరు పిలిచారు. కాగితం చేతికి వచ్చింది. దొంగతనం చేసి పట్టుబడ్డ కొడుకును గుర్తుపట్టడానికి తండ్రి పోలీసుఠాణాకు వచ్చిన ఘట్టం. వీరేశం వెంటనే తెరవైపు తిరిగి, గుండె నిండా గాలి తీసుకొని, ఒక్కో వాక్యాన్నీ కళ్లతో తూచుతూ చదివి, సరిగ్గా మూడు నిమిషాల్లో ముగించాడు. హాలులో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర వెనకనుంచి నిట్టూర్పు ఒకటి వచ్చింది. గంట కొట్టారు.

"పన్నెండు!"

వీరేశం కదలలేదు. అదే చోట, అదే కాగితంతో నిలబడ్డాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాట పదమూడుకు పోతుంది. దగ్గు వస్తే మింగాడు. పెదవులు బిగబట్టాడు. ఒక నిమిషం. రెండు.

అప్పుడు వచ్చింది గొంతు.

"వీడు నా కొడుకేనండి. ఈ చెయ్యి పట్టుకొనే నడక నేర్చాడు. దొంగ అని రాసుకోండి, కాదనను. కాని తండ్రి పేరు దగ్గర ఖాళీ వదలకండి. నా పేరు రాయండి."

తెర వెనక ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకొన్నారు. గొంతు సాగింది. చివరి మాట ముగిసిన క్షణానికే గంట మోగింది.

పదమూడో నంబరు వచ్చి నిలబడింది. రెండు నిమిషాలు ఓపిక పట్టి, చెయ్యి పైకెత్తి, రామ్మోహనరావు పెదవులు కదిపాడు. పంకా తిరిగింది. ఇంకాస్త గట్టిగా కదిపాడు. పంకా తిరిగింది. గంట కొట్టేదాకా ఆయన అలా నిశ్శబ్దంలో నోరు ఆడిస్తూనే ఉన్నాడు. చెమటకు తెల్లని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

పార్థసారథిగారు రిజిస్టరు తెరిచి, పన్నెండో నంబరుకు ఎదురుగా ఉన్న పేరును, పాత్రను రెండుసార్లు చదివారు. ఆపైన తన చేత్తో తానే తెరను పక్కకు లాగారు. నియమావళి రాశాక ఆయన అలా చేయడం అదే మొదటిసారి.

"వీరేశంగారూ, పదకొండో నంబరుకు సున్నా వేశాను. నియమం. పన్నెండో నంబరుకు తొంభైనాలుగు. అదీ నియమమే. ఈ అంకె వేయడానికి ఆరేళ్లుగా కాచుకొని ఉన్నానండి," అన్నారు.

వీరేశం చేతులు జోడించి ఏదో అన్నాడు. అది వినడానికి పార్థసారథిగారు టీకి వెళ్లకుండా అక్కడే నిలబడ్డారు. ఏమన్నాడన్నది మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

రిహార్సళ్లు ఒక గోడగడియారంతో నడిచాయి. తెర లేవడానికి ఏడు నిమిషాల ముందే పక్కన నిలబడి వీరేశం మొదలుపెట్టాలి. మిగిలినవాళ్లు సెకను తప్పకుండా ఆయన మాటలకు అందుకోవాలి. ఆ గడియారం పట్టుకొని కూర్చోవడానికి ఓ సాయంత్రం రామ్మోహనరావు తనంతట తానే వచ్చాడు. "మీ వెనక నిలబడడం అలవాటైపోయిందండి," అన్నాడు తలవంచుకొని. ఆ ఏటి కర్మాగారాల నాటక పోటీలో సమాజానికి రెండో బహుమతి వచ్చింది. నాటకం చివరనున్న ఠాణా ఘట్టంలో వీరేశం కేవలం నిలబడి వింటున్నాడు. తన మాటను తాను వింటున్న తండ్రి ముఖాన్ని ఆ తరువాత ఏ రంగస్థలం మీదా చూడలేదంటారు పార్థసారథిగారు.

ఇక ఎవరు ఏమయ్యారన్నది. రామ్మోహనరావు మళ్లీ వేషం కట్టలేదు. బదిలీ అయ్యేదాకా తెర వెనక మాట అందించడంలో ఆయనను మించినవారు లేరు. పార్థసారథిగారు నియమావళిలో అక్షరం మార్చలేదు కాని, ఎంపికనాటి తెరను చించి రిహార్సళ్ల గదికి గుమ్మం పరదాలు కుట్టించారు. మొగిలి ఆ మరుసటి నెలనుంచి వరుసలో రెండు ఇటుకలు పెట్టసాగాడు. భాగ్యమ్మ మూసాపేటలోనే ఉంది. కూర ఉడకకముందే ఉప్పు సంగతి అడిగే అలవాటు ఆవిడకు పోలేదు.

వీరేశం డెబ్బైతొమ్మిదిలో రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో దండ వేసి, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన లేచి, నోరు కాస్త కదిపి, కూర్చొన్నాడు. కార్యక్రమం అక్కడితో సమాప్తమని అధ్యక్షుడు ప్రకటించారు. షిఫ్టు సైరన్ కూడా మోగింది. కాని మూడువందలమంది పనివాళ్లలో ఒక్కరూ లేవలేదు. పార్థసారథిగారు గడియారం చూసుకోలేదు. రామ్మోహనరావు చూసుకొన్నాడు. క్యాంటీనువాళ్లు పళ్లేలు పట్టుకొని తలుపు దగ్గర ఆగిపోయారు.

ఏడో నిమిషం నిండింది. వీరేశం గొంతు హాలంతా వినిపించింది.

"కూసుంటరని నాకెరుకే. ఇగ లేవుండ్రి, చాయ సల్లారుతది."