ఉత్తరపు వాలు మీది మచ్చ

రెండు చిత్రాలను ఒకదానిమీద ఒకటి పరిచి, పైదాన్ని తీస్తూ పెడుతూ చూడటం ఆమెకు ఊపిరి పీల్చినంత అలవాటు. తీస్తే అడవంతా పచ్చగా ఉంటుంది. అది ఎండలు ముదరకముందు ఉపగ్రహం తీసిన చిత్రం. పెడితే అదే అడవిలో అక్కడక్కడా ఇటుకరంగు మచ్చలు తేలతాయి. అది ఎండలు ముదిరాక తీసినది. మన కంటికి ఆనని వెలుగును కూడా పట్టే కెమెరా అది. కాలిన నేల ఆ వెలుగులో వేరుగా కనిపిస్తుంది. ఆమె రాసిన ప్రోగ్రాము ఆ తేడాను లెక్కగట్టి, ఫలానా చోట మంట పాకిందని రంగు పులిమి చూపిస్తుంది. ఆమె పీహెచ్‌డీ అంతా దానిమీదే.

ల్యాబులో ఆమె బల్ల కిటికీ పక్కన. సన్నటి మనిషి. పాపిట దగ్గర నెరిసిన జుట్టు దాచుకోదు. మౌసు పట్టుకుని పట్టుకుని కుడి మణికట్టు నొప్పెడితే పట్టీ చుట్టుకుంటుంది. తన వయసులో సగం ఉన్న తోటి విద్యార్థులు ఆమెను "మబ్బులక్కా" అని పిలుస్తారు. కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా ఆమె నోట మొదట వచ్చే మాట "మబ్బులున్నాయా?" అనేదే. మబ్బు పట్టిన రోజున ఉపగ్రహానికి అడవి కనపడదు. ఆమెకు ఆ రోజు ఎవరిమీదో అలిగినట్టుంటుంది.

ఉత్తరపు వాలు మీది ఒక్క మచ్చ మాత్రం కొరకరాని కొయ్యగా మిగిలింది. ఆమె పరిశోధనను పరిశీలించే కమిటీలో పెద్దాయన దాన్ని చూసి, "ఇది కాలిన నేలేనా? కొండ నీడేమో" అన్నాడు. నీడ కాదని ఆమె లెక్కలతో సహా చూపించింది. "సరేనమ్మా, అక్కడికెళ్ళి చూసినవాళ్ళెవరు?" అన్నాడాయన. ఎవరూ లేరు. మిగతా మచ్చలన్నీ రోడ్డుకు దగ్గరవి. వాటిని ఆమె స్వయంగా వెళ్ళి చూసింది. దీని దగ్గరికి దారి లేదు. రేపటినుంచి వానలన్నారు. ఒక్క వాన పడితే బూడిద కొట్టుకుపోయి గడ్డి మొలుస్తుంది, ఇక ఆ దేవుడు దిగివచ్చినా అక్కడ ఏం జరిగిందో చెప్పలేడు.

ఆమె కంప్యూటర్ కట్టేసి సంచీ తీసింది.

"అక్కా, ఒక్క మచ్చ కోసం అంత దూరమా? దాన్ని వదిలేసినా మీ చాప్టరుకి ఢోకా లేదు" అన్నాడు ఎదురు బల్ల అబ్బాయి.

"వదిలేస్తే నాకు నిద్ర పట్టదురా. నీకేం, పడుకుంటావు."

మెట్లు దిగుతూ మాస్టారికి ఫోన్ చేసింది. ఆమె గైడు ఆయన. పదవీ విరమణ అయినా ఈమె థీసిస్ ఒక్కదాన్ని మాత్రం వదల్లేదు. గుండె బలహీనపడ్డాక ఇల్లు కదలటం లేదు.

"వెళ్ళు. నీ ప్రోగ్రాముకి వకాల్తా పుచ్చుకుని వెళ్ళకు. ఊరికే చూసి రా" అన్నాడాయన. కాస్త ఆగి, "సాయంత్రం ఇటే వచ్చెయ్. విందాం" అని పెట్టేశాడు. ఆయన మెచ్చుకున్న రోజు ఆమెకు గుర్తు లేదు. ఆయన ఎత్తని ఫోనూ గుర్తు లేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పొద్దున ఇంట్లో భర్త తాళాలు వెతుక్కుంటూ అన్న మాట తలచుకుని నవ్వుకుంది. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. "ఆకాశంలోంచి చీమ కుట్టిన చోటు కూడా చెప్తావు. నా తాళాలెక్కడున్నాయో చెప్పవేం?" అన్నాడు. "మబ్బు పట్టిందండీ" అంది ఆమె, ఆయన జేబులోంచే తాళాలు తీసి చేతిలో పెడుతూ.

ఈ చదువులోకి రాకముందు ఆమె అటవీ ఆఫీసులో మ్యాపులు గీసేది. పాత మ్యాపు మీద పల్చటి కాగితం వేసి, గీతల మీద గీతలు దిద్దటమే పని. కాలిన చోట్లకు చారలు, కాలనివాటికి తెలుపు. ఒక ఎండాకాలం, కట్టెలకు వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు మంటల్లో చిక్కి చనిపోయారు. అక్కాచెల్లెళ్ళు. వాళ్ళు పోయిన చోటు మ్యాపుల్లో ఏళ్ళ తరబడి తెల్లగానే ఉంది. ఆ తెలుపు చుట్టూ గీత గీసింది తన చెయ్యే. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనాల్సిన పనీ లేదు, ఉన్నదున్నట్టు దిద్దటమే ఆమె ఉద్యోగం. అయినా ఆ తర్వాత పెన్ను పట్టుకుంటే గీత సాఫీగా సాగేది కాదు. తన ఈడువాళ్ళు పిల్లల్ని కాలేజీల్లో చేరుస్తుంటే తను వెళ్ళి విశ్వవిద్యాలయంలో చేరింది.

కొండ కింద చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు తోడు వచ్చాడు. భారీ మనిషి. గొడుగును చేతికర్రగా వాడుతూ నడుస్తాడు. దారి పొడుగునా ఆయన నోరు మూతపడలేదు. ఆమెకు మాత్రం రాళ్ళలో ఎక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఫోనులో తామున్న చోటు చూపించే చుక్క, చేరాల్సిన మచ్చ మీద ఆమె పెట్టుకున్న చుక్క ఒక్కటయ్యాయి. ఆగింది.

అక్కడ బూడిద లేదు.

నల్లటి రాతిపలక వాలు పొడుగునా పరుచుకుని ఉంది. దాని పగుళ్ళలో పెరిగిన చెట్లు ఆకులన్నీ రాల్చుకుని ఎముకల్లా నిలబడ్డాయి. ఆమె ఒక మాను బెరడు గోటితో గీరింది. మసి అంటలేదు. వంగి పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. ఎండిన మట్టి వాసన, అంతే. ఆకులున్నప్పుడు పైనుంచి పచ్చగా కనిపించిన చోటు, ఆకు రాలాక నల్లరాయి బయటపడి, కాలిన నేలలా కనపడింది. ప్రోగ్రాము మోసపోయింది. దాన్ని రాసిన మనిషీ మోసపోయింది. రెండేళ్ళ చాకిరీ ఆ చాప్టరు. ఆమె రాతిమీద కూలబడింది.

గార్డుకు సంగతి అర్థమైంది. జాలిపడ్డాడు. "మేడమ్, ఇక్కడే ఫొటో తీసేసుకోండి. నల్లగానే ఉందిగా! కాలిందో కాలలేదో ఫొటోలో ఎవడికి తెలుస్తుంది?"

ఆమె ఆ రాయిని చూసింది. నిజమే, తెలియదు. కమిటీ పెద్దాయన తల ఊపుతాడు, సంతకం పెడతాడు. ఈ ఎండలో, ఈ దారిలో ఇంకెవరొచ్చి చూస్తారు? ఆ ఆలోచన ఆమె దగ్గర కాసేపు కూర్చుంది. లేదని అనలేం.

నీళ్ళు తాగి, సీసా మూత బిగించి లేచింది.

"గార్డు గారూ, కింద వాగు పక్కన పచ్చగా చెట్లున్నాయి చూడండి. అందులోకి వెళ్దాం."

"అక్కడేముంది మేడమ్? అంతా పచ్చగానే ఉందిగా!"

"నా ప్రోగ్రామూ అదే అంటోంది. కాలిందని ఇక్కడ తప్పు చెప్పింది కదా. కాలలేదన్న చోట మాత్రం నిజం చెప్పిందని ఏం నమ్మకం?"

దిగటం ఎక్కటం కన్నా కష్టమైంది. చెట్ల నీడలోకి అడుగుపెట్టగానే కాలికింద చప్పుడు మారింది. ఎండుటాకుల గలగల లేదు. మెత్తటి బూడిద. పైన కొమ్మలు కళకళలాడుతున్నాయి, కింద ప్రతి మానూ మోకాలి ఎత్తు దాకా మసిబారి ఉంది. నేలబారున పాకిన మంట రాలిన ఆకులన్నిటినీ తినేసి, పైకొమ్మ జోలికి పోకుండా వాగు దాకా వెళ్ళి ఆరిపోయింది. ఆకాశం నుంచి చూసేవాళ్ళకు పచ్చటి గొడుగు తప్ప ఏమీ కనపడదు.

గార్డు ఒక మాను దగ్గర వంగాడు. మసి వేలికి రాసుకుని చూసి, "ఇక్కడ మంట లేచిందని మాకెవరికీ తెలీదు మేడమ్" అన్నాడు. "కట్టెలకి జనం ఇటే వస్తారు."

"తెలుసు" అంది ఆమె. సంచీలోంచి టేపు తీసింది.

మాను మానునూ ఫొటో తీసింది. మసి ఎత్తు కొలిచింది. ఎండ వాలుతుండగా ఫోను ఆరిపోయింది. అప్పటికి కావలసినవన్నీ తీసేసింది. ఆ రాతిపలకనూ దిగేముందే తీసింది, ఒక్క బూడిద రవ్వ లేని రాయిగానే.

తిరుగు బస్సులో ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. బుర్ర పనిచేస్తూనే ఉంది. రెండు చిత్రాలు చాలవు. ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో తెలియాలంటే ఏడాది పొడుగునా చిత్రాలు కావాలి. పచ్చచెట్ల కింద పాకే మంటకు ఇంకో దారి వెతకాలి. మంట రగులుతున్న వేళ వేడిని పట్టే ఉపగ్రహాలున్నాయి, వాటితో జోడిస్తే? చాప్టరు కొట్టేసి మళ్ళీ రాయాలి. కమిటీ గడువు పొడిగించకపోతే కాళ్ళావేళ్ళా పడైనా పొడిగించుకోవాలి. ఈ వయసులో ఇంకా చదువేమిటని బంధువులు మళ్ళీ మూతి విరుస్తారు. విరవనీ. మాస్టారికి మాత్రం ముందు రాయి సంగతి చెప్పాలి. తర్వాత మసి సంగతి.

ఆయన వీధిలో దిగేసరికి పొద్దు గుంకుతోంది. గేటు బార్లా తీసి ఉంది. మెట్ల దగ్గర చాలా చెప్పులున్నాయి. ఆమె బూట్లు విప్పకుండానే నిలబడిపోయింది.

మాస్టారి భార్య లోపలినుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిద్రలోనే పోయారమ్మా. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు. నాలుగైనా లేవకపోతే వెళ్ళి పిలిచాను. నీకు ఫోన్ చేయిస్తే కలవలేదు."

గదిలో ఆయన ముఖం ఎప్పటిలాగే, ఏదో లెక్క వింటున్నట్టుంది. ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇప్పుడు వచ్చింది ఏడుపు. చేతుల మసి చెంపలకు అంటింది.

చాలాసేపటికి ఇద్దరూ వరండాలోకి వచ్చారు. పెద్దావిడ కొంగుతో ఆమె చెంప తుడిచి, "కొండమీదికి వెళ్ళావటగా. ఏమైంది?" అంది.

"మీకిప్పుడు అదంతా ఎందుకండీ అమ్మగారూ..."

"చెప్పవే. పెళ్ళయినప్పట్నుంచీ ఈ ఇంట్లో నేను విన్నవి ఈ కబుర్లే. ఇవాళ కొత్తగా మానెయ్యాలా?"

"నా లెక్క తప్పిందండీ. కాలిందన్నది కాలలేదు. కాలలేదన్నది కాలింది. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండేళ్ళు పట్టొచ్చు."

"ఆయన లేకుండా చెయ్యగలవా?"

వీధి దీపం వెలిగింది. ఎక్కడో దూరంగా ఉరిమింది.

"చేస్తానండీ" అంది.

పెద్దావిడ తల ఊపింది. ఎవరో లోపలినుంచి పిలిస్తే లేచి, గడప దగ్గర ఆగింది.

"నువ్వొస్తావని అన్నానికి ముందే ఆ కుర్చీ తనే ఈడ్చుకొచ్చి వేశారు. గుండె జబ్బు మనిషి, మీకెందుకండీ ఆ మోత అని కేకలేశాను. వింటేనా? దుమ్ముందని తుడిచారు కూడా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన పడక్కుర్చీకి ఎదురుగా, వీధి వెలుతురు పడే చోట, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. దాని చేతిమీద తుడిచిన తడిగుడ్డ, మడత పెట్టినది పెట్టినట్టే, ఎండి గట్టిపడి ఉంది.