కత్తి ఉన్నవారి సంతకం

"ఇంట్లో కత్తులకేమైనా కరువొచ్చిందా?" అన్నాడు భర్త, పత్రికలోంచి తల ఎత్తకుండానే.

ఆమె చలికోటు దులిపి, జేబులు తిరగేసి చూసి, పెట్టెలో పెడుతోంది. ఎండలు ముదిరాయి. కోటు పెట్టెలోకి వెళ్ళిందంటే జేబులు కూడా వెళ్ళినట్టే. ఆడవాళ్ళ వేసవి బట్టలు కుట్టేవారికి, ఆడదాని దగ్గర దాచుకోదగ్గ వస్తువేదీ ఉండదని గట్టి నమ్మకం. అందుకే, తేలికపాటి మడత కత్తి ఒకటి కొనుక్కోవాలని ఆమె ఒక మాట అంది. వంటింట్లో మూడు కత్తులున్న మాట నిజమే. ముప్పై ఏళ్ళుగా ఆ మూడూ ఆమె చేతిలోనే అరుగుతున్నాయి. వాటిమీద ఎవరికీ ఏనాడూ అనుమానం రాలేదు. నాలుగోది గడప దాటుతుందనేసరికి ఆయన పత్రికలో ఒకే పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు.

ఆమె పనిచేసేది బట్టల గిడ్డంగిలో, సరుకు దించుకునే గదిలో. మిల్లులనుంచి వచ్చిన బేళ్ళ తాళ్ళు కోసి, లోపలి తానులు బల్లమీద పరిచి, పోగు తెగిందా, రంగు తేలిపోయిందా అని చూసి, ఉంచుకోవాలో తిప్పి పంపాలో తేల్చాలి. తేల్చేది ఆమె. అద్దకం లోపాన్ని వేలికొసతో తడిమి చెప్పగల మనిషి ఆ గదిలో ఇంకొకరు లేరు. అయితే అక్కడొక ఆనవాయితీ ఉంది. సరుకుతో వచ్చే కాగితంమీద ఉన్నది ఒక్కటే గడి, "విప్పినవారు" అని. తాడు కోసింది ఎవరో సంతకం వారిది. చూసినవారికి గడి లేదు. మగవాళ్ళందరి నడుముకీ కత్తి వేలాడుతూ ఉంటుంది. ఆమె అడిగినప్పుడల్లా "మీకెందుకమ్మా శ్రమ" అని వాళ్ళే కోసేవారు, వాళ్ళే సంతకం చేసేవారు. ఆ మర్యాద తనను ఏం చేసిందో గ్రహించడానికి ఆమెకు ఇరవై రెండేళ్ళు పట్టింది. ఆ మాటకొస్తే, మర్యాదంత మెత్తగా చేతిలోది లాక్కునే పద్ధతి మరొకటి లేదు.

ఇప్పుడు ఆ గది పెద్ద పదవీ విరమణ చేస్తున్నాడు. ఈ ఏడాది కాగితాలమీద ఎవరి సంతకాలు ఎక్కువుంటే ఆ కుర్చీ వారికేనని మేనేజరు ప్రకటించాడు. ఆ సంగతి తెలిసిన రోజే ఆమె ఇంట్లో పనిముట్ల పెట్టెలోంచి పాత కత్తి ఒకటి వెతికి తీసింది. రాయిలాంటి బరువు. చలికాలమంతా కోటు జేబులో వేసుకుని తాళ్ళు కోసింది, సంతకాలు చేసింది. కోటు వదిలిన మొదటిరోజే అది పల్చటి గుడ్డసంచీ కుట్టు పిగిల్చి కిందపడి, గిడ్డంగి తాళాలు చూసే అతని బొటనవేలు పక్కన నాటుకుంది. "అక్కయ్యగారూ, కుర్చీకోసం నా కాలు తీసేస్తారా ఏం?" అని అతను నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో అంత సంతోషం ఎందుకుందో ఆమె ఆలోచించింది.

కత్తుల దుకాణంవాడు అద్దాల బల్ల వెనక కూర్చుని ఉన్నాడు.

"ఎవరికమ్మా, అయ్యగారికా?"

"కాదు."

"అబ్బాయికా?"

"నాకు."

అతను ఒకసారి ఆమె ముఖంలోకి, మరోసారి ఆమె వెనక వీధిలోకి చూశాడు, ఎవరైనా తరుముకొస్తున్నారేమోనన్నట్టు. తర్వాత గులాబీరంగు పిడి ఉన్నదొకటి తీసి ముందుంచాడు. "ఆడవాళ్ళు ఇదే తీసుకుంటారు. పండ్లు బాగా కోస్తుంది."

"పండ్లకు ఇంట్లో ఉన్నాయి. తాడు కోసేది చూపించండి."

మొదటిది నున్నటి పిడి, చెమట చేతిలో చేపలా జారిపోయింది. రెండోది తెరవాలంటే రెండు చేతులూ, పైగా గోళ్ళూ కావాలి. బేలును పట్టుకోవడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. మూడోది చూపులకు బాగానే ఉంది గాని, తెరిచాక లాక్ పడీపడనట్టు ఊగింది. పని మధ్యలో వేళ్ళమీదికి ముడుచుకునే కత్తినీ, మాట మధ్యలో మాట మార్చే మనిషినీ ఆమె ఒకే గాట కడుతుంది. మూడూ పక్కకు నెట్టేసింది. మంచి సరుకు బల్ల కింద ఉంటుందని ఆమెకు మొదటినుంచీ అనుమానమే. కాసేపటికి అతను నిట్టూర్చి కిందికి వంగాడు.

నాలుగోది సన్నగా, గరుకు పిడితో ఉంది. బొటనవేలితో నెడితే తెరుచుకుంది, తెరుచుకున్నాక కదల్లేదు. బరువు రెండు తాళంచెవులంత. పల్చటి గుడ్డకైనా పట్టుకునే క్లిప్పు ఉంది. ఆమె సంచీలోంచి బేలు తాడు ముక్క తీసి కోసి చూసింది. ఒక్క లాగుడుకే తెగింది.

"అమ్మ తెలిసిన మనిషే," అన్నాడు అతను.

"తెలియకపోతే మూడోది అంటగట్టేవారుగా."

"వ్యాపారం కదమ్మా," అని అతను సిగ్గులేకుండా నవ్వాడు. ఆ వారంలో ఆమెకు వినిపించిన నిజాయితీ గల మాట అదొక్కటే.

ఇంట్లో అత్తగారు కత్తిని దూరంనుంచే చూసి, "మా రోజుల్లో ఆడదానికి నోరే కత్తి. అది చాలక ఇదికూడానా?" అంది. భర్త దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. "ఎవరైనా వెంటపడుతున్నారా? చెప్పు, నేను మాట్లాడతాను," అన్నాడు. పనికోసమని ఆమె చెప్పింది. ఇంకోసారి చెప్పింది. "నిజం చెప్పు," అన్నాడాయన. ఆమెకు ప్రమాదం ఉందంటే ఆయన వెంటనే నమ్మి ఉండేవాడు. ఆమెకు పని ఉందంటే మాత్రం నమ్మలేకపోయాడు.

మర్నాడు పొద్దున కత్తి సంచీలో వేరే అరలో ఉంది. కుట్టుపెట్టెలోని కొలత టేపు, ఆమె ఎప్పుడూ చుట్టేటట్టు కాక, వెనక్కి చుట్టి ఉంది. అడిగితే అనుమానపు మనిషివంటారు. అనుమానం ఇంటి పెద్దకైతే జాగ్రత్త, ఇల్లాలికైతే జబ్బు.

పది రోజులు ఆమె తాళ్ళు కోసింది, తానులు చూసింది, సంతకాలు పెట్టింది. పదకొండో రోజున మేనేజరు పిలిపించాడు. తాళాలతను అప్పటికే ఆ గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"కూర్చో అమ్మా. చిన్న సంగతే. ఆడవాళ్ళ సంచీలో కత్తి అంటే రేపు ఏదైనా జరిగితే నేను జవాబు చెప్పుకోవాలి. రెండున్నర అంగుళాలే అనుకో, అయినా కత్తి కత్తే కదా. ఇతని దగ్గర ఉంచు. కావలసినప్పుడు అడిగి తీసుకో."

"ఇతని నడుముకున్నది ఎన్ని అంగుళాలండీ?"

మేనేజరు అటు చూడలేదు. "అదలా ఉంచు. మీ ఇంట్లోనూ బెంగపడుతున్నారు."

రెండున్నర అంగుళాలు. ఆ కొలత ఆమె ఈ గిడ్డంగిలో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ కొలవనూ లేదు. కొలిచింది ఒకే ఒక్క మనిషి, ఆమె కుట్టుపెట్టెలోని టేపుతో. ఆమెకు కోపం రాలేదు. పది రోజులుగా లోపల ఊగుతూ ఉన్నదేదో టక్కుమని లాక్ పడినట్టయింది, అంతే. కత్తి తీసి, మడిచి, తాళాలతని చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం లారీ వచ్చింది. తాళాలతను కొత్త బేలు తాడు కోశాడు, ఆమె కత్తితోనే. గడిలో సంతకం చేసి పక్కకు తప్పుకున్నాడు.

"కానివ్వండి అక్కయ్యగారూ."

"ఏం కానివ్వమంటావు?"

"సరుకు చూడండి మరి. లారీ అతను తొందరపెడుతున్నాడు."

"సంతకం నువ్వు చేశావుగా నాయనా. చూపు కూడా నువ్వే చూడు."

అతను నవ్వబోయి మానేశాడు. తాను పరిచాడు. ఆమె చేసేటట్టే వేలికొసతో తడిమాడు. వేలు లోపం మీదుగానే పోయింది, ఆగలేదు. ఆమె చూస్తూ కూర్చుంది. మేనేజరు వచ్చాడు. ఆయనా తడిమాడు, ఏమీ తేలలేదు. అద్దకం పోయిన సరుకు ఒక్క బేలు లోపలికి వస్తే తన ఉద్యోగం ఏమవుతుందో ఆయనకు తెలుసు.

"ఏమ్మా, కోపం వచ్చిందా?"

"లేదండీ. కత్తి మీ దగ్గర భద్రంగా ఉంది. కళ్ళు మాత్రం నావి, ఇంటికి తీసుకెళ్తున్నాను."

పట్టపగలు మూడు గంటలకు ఆమె గేటు దాటింది. ఆ వేళప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. చెప్పుల దుకాణం ముందు ఒకామె నీడలో కూర్చుని తన పాదాలకు తానే కొలత తీసుకుంటోంది. కుర్చీ పోతే పోవచ్చు, ఉద్యోగమే పోవచ్చు. ఆ ఆలోచన వెంట నడిచింది గాని ముందుకు రాలేదు.

ఆమె గుమ్మంలో చెప్పులు విడిచేసరికే ఫోను మోగింది. భర్త తీశాడు. "ఆ, చెప్పండి సార్... వచ్చిందండీ... అలాగే, నచ్చచెబుతాను," అన్నాడు. తర్వాత ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆమె ముఖంలో ఏముందో వెతుకుతూ గొంతు తగ్గించాడు.

"మీ మేనేజరు. లారీ ఆగిపోయిందట. ఏదో గుడ్డ చూడాలట, నువ్వు తప్ప ఎవరివల్లా కాదంటున్నాడు. ఒకసారి మాట్లాడు."

ఆమె మంచినీళ్ళు పూర్తిగా తాగి గ్లాసు బోర్లించింది.

"కాగితంమీద 'విప్పినవారు' కొట్టేసి 'చూసినవారు' అని రాయించమనండి. జనవరి నుంచి వచ్చిన కాగితాలన్నిటిమీదా. ఆ గడిలో సంతకం నాది. అప్పుడు వస్తాను. ఆ మాట మీరే చెప్పండి, నా కత్తి సంగతి ముందునుంచీ ఆయనతో మాట్లాడుతున్నది మీరే కదా."