కొత్త షాకబ్జార్బర్లు

"నీ నడుం నొప్పి కోసమే తెప్పించా" అన్నాడు మా ఆయన, పార్సిల్ పెట్టె విప్పుతూ. నా నడుం ఆయనకి గుర్తొచ్చినప్పుడే నాకు అనుమానం మొదలైంది. పెళ్లయినప్పటి నుంచీ నొప్పి మొర్రో అని మొత్తుకుంటుంటే చెవిన పెట్టని మనిషి, ఉన్నట్టుండి కారుకి కుదుపులు ఆపే కొత్త షాకబ్జార్బర్లు, స్ప్రింగులు తెప్పించాడంటే నమ్మడానికి నేనేం వెర్రిదాన్నా?

మాది రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. కిందటేడు స్నేహితులతో పందెం కట్టి, కొండ దారిలో దాన్ని బండకి గుద్దేశాడు. భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "ఇంక ఆ దారి తొక్కను, ఒట్టు" అన్నాడు. తొక్కితే మాత్రం నేను ఈ ఇంట్లో ఉండనని అప్పుడే చెప్పేశాను.

ఆదివారం పొద్దున్నే షెడ్డులో పని మొదలెట్టాడు. కారుని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీశాడు. తుప్పు పట్టిన నట్లు ఓ పట్టాన రాలేదు. నూనె కొట్టి, పానా మీద కాలేసి తొక్కి, నానా తంటాలూ పడ్డాడు. లైటు పట్టుకోవడం నా వంతు. అదీ మంచిదే, దగ్గరుండి చూడొచ్చు.

పాత స్ప్రింగు పక్కన కొత్తది పెట్టి చూశాను. కొత్తది పొట్టిగా, లావుపాటి తీగతో ఉంది.

"ఇది మరీ గట్టిది కదండీ? నడుం నొప్పికి గట్టిది వేస్తారా ఎవరైనా?"

"నీకు తెలీదులే" అని, అంతా బిగించాక బానెట్ కింద రెండు వైపులా ఉన్న చిన్న మీటలు చూపించాడు. "ఇటు తిప్పితే మెత్తన, అటు తిప్పితే గట్టి. నీ కోసం మెత్తగానే పెడతాగా."

మాట మరీ తియ్యగా ఉంది. ఆయన స్నానానికి వెళ్లగానే బానెట్ ఎత్తి చూశాను. మీటలు రెండూ గట్టి వైపు, చివరిదాకా ఉన్నాయి. మలుపుల్లో వేగంగా దూసుకెళ్లే పందెంగాళ్లు పెట్టుకునే తీరది.

ఒళ్లు మండిపోయింది. అడిగితే ఏదో ఒకటి అల్లి చెప్తాడు, మాటల్లో నేను నెగ్గలేను. అందుకే రెండింటినీ మెత్తటి వైపు తిప్పేసి, బానెట్ మూసి, ఏమీ ఎరగనట్టు గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాను. వీధిలో నెమ్మదిగా తిరిగేవాడికి ఆ తేడా తెలియనే తెలియదు. తెలిసిందంటే దొంగ దొరికినట్టే.

"బ్రెడ్డు తెస్తా" అని వెళ్లిన మనిషి చీకటి పడే వేళకి వచ్చాడు. చేతిలో బ్రెడ్డు ఉంది గానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడో తప్పు బిగించానే. మలుపులో ముందు భాగం వాలిపోయి, వెనక చక్రాలు జారిపోయాయి. అంచు దాకా వెళ్లి ఆగింది."

"బ్రెడ్డు కొట్టు మన వీధి చివరేగా? ఆ దారిలో మలుపెక్కడుంది? అంచెక్కడుంది?"

ఈ క్షణం కోసమేగా నేను కాచుకుని కూర్చున్నది!

"మీరేం తప్పు బిగించలేదు. మీటలు మెత్తగా తిప్పింది నేనే" అన్నాను దర్జాగా.

ఆయన బ్రెడ్డు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు. "నేను కొండ దారికే వెళ్తానని నీకు అనుమానం. అయినా తిప్పావా?"

ఆయన్ని ఎలా పట్టుకోవాలన్నదే ఆలోచించాను గానీ, నా అనుమానం నిజమైతే ఆ మీట తిప్పుడు ఎంత పని చేస్తుందో ఒక్కసారైనా ఆలోచించానా? "ఏమైపోయేవారండీ..." అంటూ భోరుమన్నాను. ఎప్పుడు ఏడ్చినా దగ్గరికొచ్చే మనిషి ఈసారి రాలేదు.

మర్నాడు ఆఫీసుకి బయల్దేరే ముందు బానెట్ ఎత్తి చూశాడు. ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద పడుకుని, ఒక్కో చక్రం దగ్గరా ప్రతి నట్టుకీ పానా వేసి చూసుకున్నాడు. గుమ్మంలోంచి రెండడుగులు ముందుకేశాను.

"సాయానికి రానా అండీ?"

"వద్దు" అన్నాడు. "నువ్వు కారు దగ్గరికి రాకు."